తీసేసే పేర్లు పైకి చదవాలి

మా బాపు బతికున్నన్నాళ్లూ నా ఉద్యోగం ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. పాతబస్తీ గౌలిపురలో మాది పాల కుటుంబం. గేదె మేత ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పాలు తగ్గితే వీధంతా తెలుస్తుంది. నా పని అలాంటిది కాదు. ఒకరోజు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"దినమంత గా డబ్బ ముంగట కూసుంటవ్. అది పాలియ్యదు, పెండ వెయ్యదు. గదేం పనిరా?"

"దవాఖానల కంప్యూటర్లు పడిపోకుండ చూసుకుంట బాపు."

"పడిపోతే?"

"లేపుత."

"పడకపోతే?"

"పడకుండనే గదా నేను చూస్తున్నది."

"మరి నువ్వు చూసినందుకు పడలేదో, ఊకెనే పడలేదో గా డాక్టర్లకు ఎట్ల తెలుస్తది?"

 తర్వాత పెద్ద పెద్ద చదువులు చదివిన అధికారులు ఇదే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగారు గానీ బాపు అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు.

నా పేరు యాదగిరి. దబీర్‌పురా స్టేషన్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే పని చేశాను. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో చేరి, ఈ మధ్యే దిగిపోయాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, చివరి రోజున కప్పిన శాలువా ఇక్కడ రాయను. అవి అందరికీ ఉంటాయి, ఎవరికీ పనికిరావు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు కోర్సుల్లో చెప్పని సంగతి ఒకటి ఉంది, అది చెబుతాను. ఇది ఒంటరి పని. బాగా చేస్తే నువ్వున్నావని కూడా ఎవరికీ తెలియదు. చెడగొట్టిన రోజున మాత్రం వాచ్‌మన్ కూడా నీ పేరు పెట్టి పిలుస్తాడు.

లోపల జరిగేది

మా సర్వర్లను నడిపే లైనక్స్‌లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా బతకదు. ప్రతిదీ ఒక ప్యాకేజీగా వస్తుంది. రక్తపరీక్షల ప్రోగ్రాం నడవాలంటే డేటాబేస్ ఉండాలి. డేటాబేస్ నడవాలంటే ఏదో ఒక లైబ్రరీ, అంటే నాలుగు ప్రోగ్రాములు పంచుకునే పనిముట్ల పెట్టె లాంటిది, ఉండాలి. ఆ లైబ్రరీ మరీ పాతదైతే ఒకరికి కోపం, మరీ కొత్తదైతే ఇంకొకరికి కోపం. ఉమ్మడి కుటుంబంలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో తెలిసిన పెద్దమ్మ ఒకామె ఉంటుంది చూడండి, ప్యాకేజీలను చూసుకునే ప్రోగ్రాం అటువంటిది. వాటికి ఉన్నంత చుట్టరికం, వాటిని చూసుకునే మనిషికి ఉండదు.

అప్‌గ్రేడ్ చేయమని చెప్పగానే అది లెక్కలు వేసుకుని తెర మీద మూడు వరసలు చూపిస్తుంది. కొత్తగా వచ్చేవి, మారేవి, తీసేసేవి. ఆ తర్వాత సరేనా అని అడుగుతుంది. సరే అంటే ఇంక ఆగదు. నేను చూసిన విరిగిన అప్‌గ్రేడ్లలో చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే విరిగాయి. ఏం తీసేయబోతున్నదో అది ముందే చెబుతుంది, దాచుకోదు. మనమే చదవం. కొత్తగా ఏం వస్తున్నదో చూసి మురుస్తాం, ఏం పోతున్నదో చూడం.

శుక్రవారం మధ్యాహ్నం

ఈ వృత్తిలో ఎవరిని అడిగినా శుక్రవారం నాడు సర్వర్‌ను ముట్టుకోవద్దని చెబుతారు. ఏదన్నా విరిగితే శనాదివారాలు బాగుచేసే దిక్కు ఉండదని వాళ్ల భయం. హైటెక్ సిటీలో అది నిజమే కావచ్చు. పాతబస్తీలో మా లెక్క వేరు. శుక్రవారం జుమ్మా నమాజు వేళకు ఓపీ ఖాళీ అయిపోయేది. మందుల కౌంటర్ దగ్గర లైన్ ఉండదు, రిసెప్షన్‌లో ఫోన్ మోగదు. వారం మొత్తం మీద మాకు దొరికే ప్రశాంతత అదొక్కటే. మా అప్‌గ్రేడ్లన్నీ ఆ వేళకే జరిగేవి. బయట కంపెనీల వాళ్లు వచ్చి విని నవ్వేవారు. నవ్వనీ, వాళ్లు మా ఓపీని సోమవారం పొద్దున చూడలేదు.

'మాకు' అన్నాను కదా, అందులో రెండో మనిషి యూసుఫ్ భాయ్. నాకంటే వయసులో పెద్ద, ఆసుపత్రిలోనూ నాకంటే ముందు చేరాడు. అఫ్జల్‌గంజ్‌లో టైపు నేర్చుకుని, ఆ టైపుతోనే కంప్యూటర్‌లోకి వచ్చినవాడు. నాది పర్మినెంటు ఉద్యోగం, ఆయనది ఏడాదికోసారి రాసే కాంట్రాక్టు. ఎందుకలా అంటే, మొదట అలా రాశారు కాబట్టి చివరిదాకా అలాగే రాశారు.

శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లినప్పుడు నేను బ్యాకప్ నడిపించి, టిఫిన్ డబ్బా విప్పి ఒక్కడినే తినేవాడిని. ఆయన టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఓపీ మళ్లీ నిండేలోగా మొదలుపెట్టేవాళ్లం. కీబోర్డు నా ముందు ఉండేది. తీసేసే పేర్లన్నీ ఆయన పైకి చదవాలి. ఒక్కో పేరుకు నేను 'హౌ', అంటే అవునని, అనాలి. 'హౌ' అనలేని పేరు ఒక్కటి వచ్చినా ఆ రోజు అప్‌గ్రేడ్ లేదు.

ఈ పద్ధతి ఆయనే పెట్టాడు. మొదట్లో నాకు చిరాకు వేసింది.

"నాకు కండ్లు లేవా భాయ్? నేనే చూసుకుంట గదా," అన్నాను ఒకసారి.

"కండ్లు దుంకుతయి యాదగిరి భాయ్. నోరు దుంకదు. జెర ఓపిక పట్టు."

ఆ మాట నిజం. కన్ను ఒక వరసలో మొదటి పేరు, చివరి పేరు చూసి మధ్యలోది చూశానని అబద్ధం చెబుతుంది. నోటితో ఆ ఆట సాగదు. అప్పటినుంచి మేం ఇద్దరం రాత్రి బడి పిల్లల్లా పేర్లు చదువుకునేవాళ్లం. తలుపు అవతల నర్సులు విని, వీళ్లేదో జపం చేస్తున్నారని నవ్వేవారు. వారంలో నేను ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడేది కూడా ఆ కాసేపే. ప్యాకేజీ పేర్ల మధ్యలో ఆయన కూతురి నిఖా ముచ్చట, మా తమ్ముడి గేదెల ముచ్చట దొర్లేవి. నా భార్య పోయిన తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం ఆయన ఒక్క ఓదార్పు మాట కూడా మాట్లాడలేదు. మామూలు కంటే మెల్లగా చదివాడు, అంతే. నేను ఇంటికి ఆలస్యంగా పోవాలని.

రోకలి, తల

విరిగిన అప్‌గ్రేడ్‌ను మరింత విరగ్గొట్టడం ఎలాగో నేర్పే మనుషులు ఈ వృత్తిలో కొల్లలు. ఎక్స్‌రే యంత్రం అమ్మినవాళ్ల దగ్గర్నుంచి ఒకసారి ఒక ఇంజినీరు వచ్చాడు. కొత్త కెర్నల్, అంటే లైనక్స్‌కు గుండెకాయ లాంటిది, ఎక్కిస్తుంటే డిస్కులో చోటు చాలక మధ్యలో ఆగిపోయింది. అది చాలా చిన్న జబ్బు. పాత కెర్నళ్లు పేరుకుపోయి ఉంటాయి, రెండింటిని తీసేస్తే చోటు వస్తుంది, ఆగిపోయిన పనిని పూర్తి చేయమంటే చేస్తుంది. ఆయన మాత్రం ఫోన్‌లో వెతికి, బలవంతంగా చేయమనే కమాండ్ ఒకటి కొట్టాడు. అది పనిచేయకపోతే ఇంకొకటి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అన్నట్టు సాగింది ఆయన వైద్యం. యూసుఫ్ భాయ్ వెళ్లి మెల్లగా ఆయన చేతులు కీబోర్డు మీద నుంచి పక్కకు తీశాడు.

"సార్, చాయ్ తాగుదాం పా. మెషీన్ ఎక్కడికి పోదు."

చాయ్ తాగి వచ్చాక మొదటి ఎర్రర్ ఏమిటో చదివాం. పని అయిపోయింది. కొత్తవాళ్లకు నేను చెప్పే మాట ఇదే. సగంలో ఆగిన అప్‌గ్రేడ్ పారిపోయే దొంగ కాదు, వెంటపడకండి. చివరి ఎర్రర్ కాదు, మొదటి ఎర్రర్ చదవండి. మిగిలినవి దాని పిల్లలు.

బాసుల గురించి కూడా ఉన్నమాట చెబుతాను. నేను ఇద్దరు సూపరింటెండెంట్ల కింద ఎక్కువకాలం పనిచేశాను. మొదటి ఆమె లేడీ డాక్టర్. సర్వర్ పడిపోయిందని చెబితే, "ఇప్పుడు పేషెంట్లకు ఏం కావాలి?" అని అడిగేది. చేత్తో రాసే చీటీలు పంచమని వార్డులకు చెప్పి, మమ్మల్ని వదిలేసేది. రెండో ఆయన గొప్ప సర్జన్, ఆ చేతికి దండం పెట్టాలి. బాస్‌గా మాత్రం ఆయనకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. "ఎవరు చేశారు?" ఆ ప్రశ్న మొదట అడిగే చోట మనుషులు ముందు తమను కాపాడుకుంటారు, సర్వర్ ఆ తర్వాత. మనం వివరంగా చెప్పినా ఆయనకు అది ఎనుబోతు మీద వాన. ఆయన చేతుల్లోనే యూసుఫ్ భాయ్ కాంట్రాక్టు ఉండేది.

డేటాబేస్ పోయిన రోజు

ల్యాబ్‌కు కొత్తగా రక్తం పరీక్షించే యంత్రం వచ్చింది. దానికి కొత్త లైబ్రరీ కావాలి. ఇంటర్నెట్‌లో ఆ లైబ్రరీ దొరికే చోటును మా సర్వర్‌కు చూపించాం. ఆ శుక్రవారం తెర మీద వరసలు మామూలు కంటే పొడుగ్గా వచ్చాయి. యూసుఫ్ భాయ్ చదివాడు. ప్రతి పేరుకూ నేను 'హౌ' అన్నాను. చివరికి సరే అన్నాను. కాసేపు నడిచి, ఎర్రర్ చూపించి ఆగిపోయింది.

అంతలోనే ల్యాబ్ నుంచి ఫోన్. "యాదన్నా, ఏమైంది? ఒక్క రిపోర్టు తెరుచుకుంటలేదు. ఐసీయూ వాళ్లు లొల్లి చేస్తున్నరు."

తెరను పైకి జరిపి చూశాను. తీసేసే వరసలో, మధ్యలో, డేటాబేస్ పేరు ఉంది. ఎవరూ దాచిపెట్టలేదు, మిగిలిన పేర్లంత అక్షరాల్లోనే ఉంది. కొత్త లైబ్రరీకీ మా డేటాబేస్‌కూ పొసగలేదు. అందుకని దాన్ని తీసేస్తానని అది మర్యాదగా చెప్పింది. ఆ పేరు మాత్రం నా చెవిన పడలేదు.

"యూసుఫ్ భాయ్, గిది చదివినవా?"

"ఏది?"

తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నా వేలు వైపు చూశాడు. వేలి కింది అక్షరాలను వెతుక్కుంటున్నట్టు కళ్లు చిట్లించి, ముఖం ముందుకు తెచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు.

"కనవడ్తలేదా భాయ్?"

ఆయన కుర్చీని తెర నుంచి పక్కకు తిప్పుకున్నాడు. "షుగర్ భాయ్. పోయిన రంజాన్ కాంచి అక్షరాలు అలుక్కపోతున్నయి. ఎప్పుడు ఉండే పేర్లే గదా అని యాదికెల్లి చదువుతున్న."

"యాదికెల్లి చదువుతవా? దవాఖాన సర్వర్ మీద?" తెర మీద చూడకుండా జ్ఞాపకంతో చదువుతున్నాడని తెలిసి గట్టిగా అరిచాను.

"చెప్తే కాంట్రాక్టు రాయరు. గీ పని తప్ప నాకు ఇంకోటి రాదు. నేనేం చెయ్యాలె, నువ్వే చెప్పు."

కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. నోరు దుంకదని చెప్పిన మనిషి నోరే దుంకింది. పైగా ఆ జపానికి అలవాటు పడి, తెర వైపు చూడకుండా 'హౌ' అన్నది నేనే. మళ్లీ ఫోన్ మోగింది. ఇంక కోపానికి తీరిక లేదు.

మంచి సంగతి ఏమిటంటే, ప్రోగ్రాం తీసేసినంత మాత్రాన అందులో దాచిన సమాచారం పోదు. రోగుల రిపోర్టులన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి, వాటిని తెరిచే తాళంచెవి లేదు అంతే. చెడ్డ సంగతి ఏమిటంటే, డేటాబేస్‌ను వెనక్కి తేవాలంటే పాత లైబ్రరీ కావాలి, ఆ పాత ఫైలును చోటు కోసం మేమే తుడిచేశాం. బయటి నుంచి తెచ్చుకుందామంటే అక్కడ కొత్తదే దొరుకుతోంది.

నేను తల పట్టుకుని కూర్చుంటే యూసుఫ్ భాయ్ కళ్లు మూసుకుని మాట్లాడాడు. "మందుల కౌంటర్ల పాత కంప్యూటర్ ఉన్నది చూడు. దాన్ని ముట్టుకుంటే గా మేడమ్ లొల్లి చేస్తదని మనం అప్‌గ్రేడే చెయ్యలే. దాంట్ల పాత ఫైల్ ఉంటది. పో."

ఉంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. అక్కడినుంచి ఆయన చెబుతున్నాడు, నేను చేస్తున్నాను. ముందు కొత్త యంత్రం వాళ్ల చోటును సర్వర్‌కు కనపడకుండా చేయి. లైబ్రరీని పాతదానికి దించు. డేటాబేస్ ఎక్కించు. సగంలో ఆగినవన్నీ పూర్తి చేయమను. ప్రతి ఎర్రర్‌నూ నేను పైకి చదివితే ఆయన విని, ఆగి, తర్వాతి మెట్టు చెప్పేవాడు. ఆయనకు పాడైంది కన్నే, పని కాదు. పొద్దు గూకాక మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు ల్యాబ్‌లో మొదటి రిపోర్టు ప్రింటయింది. అప్పటిదాకా వార్డు బాయ్‌లు చీటీలు పట్టుకుని మెట్లు ఎక్కీ దిగీ అలసిపోయారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ వెంటనే సూపరింటెండెంట్ గదికి పిలుపు. ఊహించిన ప్రశ్నే.

"ఎవరు చేశారు?"

యూసుఫ్ భాయ్ నోరు తెరవబోయాడు. ఆయనకంటే ముందు నేను అన్నాను, "ఇద్దరం సార్. లిస్టు పొడుగుంది. ఒక పేరు ఇద్దరి కండ్లు దాటిపోయింది."

"ఇద్దరూ ఒకే తప్పు ఎలా చేస్తారయ్యా?"

"ఇద్దరం కలిసే పని చేస్తం సార్."

తిలా పాపం తలా పిడికెడు. ఇద్దరికీ చెరొక మెమో ఇచ్చి పంపాడు. ఆ ఏడాది యూసుఫ్ భాయ్ కాంట్రాక్టు రాశారు. నాకు అదే కావాలి.

చోటు మార్చుకోవడం

తర్వాతి శుక్రవారం నుంచి చదవడం నా వంతు, 'హౌ' అనడం ఆయన వంతు. ఈ మార్పు మేం ముందే చేసుకోవలసింది. చదివేవాడికి కళ్లుండాలి, వినేవాడికి అనుమానం ఉండాలి. ఆయన కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని వినేవాడు. నేను గబగబా పోతుంటే, "ఆగు. గిది ఎందుకు పోతున్నది? దీని మీద ఎవరు నిలవడ్డరో చూడు," అనేవాడు. చూస్తే నిజంగానే దాని మీద ఏదో ఒకటి ఆధారపడి ఉండేది.

ఆయన చూపు సంగతి గది దాటనివ్వలేదు. ఫైళ్లు నేనే చదివి, సంతకం పెట్టాల్సిన చోట ఆయన చేతి కింద స్కేలు పెట్టేవాడిని. అలా కొన్నేళ్లు లాగాం. చివరికి ఆయనే ఒకరోజు చెప్పాడు.

"మెట్లు కనవడ్తలేవు భాయ్. ఓ దినం పడి నిన్ను పరేషాన్ చేస్త. ఇగ చాలు."

 దబీర్‌పురా గల్లీలో ఆయన ఇంటిదాకా నేనే తీసుకెళ్లి దింపాను. వెనక్కి వస్తుంటే ఆ గల్లీ ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

ఒక్కడినే

మొదటి శుక్రవారం ఒక్కడినే కూర్చున్నాను. వరసలు వచ్చాయి. చదువుకున్నాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరే అనడానికి మాత్రం వేలు కదల్లేదు. ఫోన్ తీసి ఆయనకు చేశాను.

"భాయ్, చదవనా?"

 అవతల గొంతు సవరించుకున్నాడు. "చదువు భాయ్. జెర మెల్లగ."

అలా ఫోన్‌లో మొదలైంది. పిల్లలు అడగవచ్చు, అవసరమా అని. ఉన్నమాట చెప్పాలంటే, లేదు. అప్పటికి అన్నీ ముందు ఇంకో యంత్రం మీద ఎక్కించి చూసే పద్ధతి వచ్చింది. విరిగితే నిన్నటి స్థితికి వెనక్కి తిప్పవచ్చు. ఆయన 'హౌ' అన్నా అనకపోయినా సర్వర్‌కు తేడా లేదు.

తేడా ఎక్కడుందో ఒకసారి ఆయన భార్య, మా భాభీ, చెప్పింది. రంజాన్ పండక్కి వెళ్లినప్పుడు ఆయన లోపల ఉండగా నాతో మెల్లగా అన్నది. "శుక్రారం తప్ప ఏ దినం మాట్లాడరు భయ్యా. శుక్రారం మాత్రం నమాజ్ కాంగనే ఫోన్ ఒళ్లె పెట్టుకుంటరు. దవాఖాన నాతోనే నడుస్తున్నదంటరు. ఆ ఫోన్ బంద్ చెయ్యకుండ్రి."

బంద్ చేయనని మాట ఇచ్చాను. ఆ మాట ఇవ్వడం తేలికే. నాకూ వారం మొత్తంలో మాట్లాడే వేరే ఫోన్ లేదు.

దిగిపోయిన తర్వాత

నేను రిటైరయ్యే నాటికి సర్వర్ల పనంతా బయటి కంపెనీకి ఇచ్చేశారు. వాళ్లు ఎక్కడో కూర్చుని, ఎప్పుడు అప్‌గ్రేడ్ చేస్తారో కూడా తెలియకుండా చేస్తారు. తప్పు పట్టను, బాగానే చేస్తున్నారు. పక్క కుర్చీ అన్నదే ఆ పద్ధతిలో లేదు.

గౌలిపుర ఇంట్లో పై గది నాది. తమ్ముడు గేదెలను ఊరి బయటి షెడ్డుకు తరలించాడు. కింద కొట్టం ఉన్నచోట ఇప్పుడు మోటారుసైకిళ్లు పెట్టుకుంటున్నారు. తమ్ముడు, మరదలు మంచివాళ్లే, వేళకు అన్నం పంపుతారు. మాట్లాడే పనేమీ ఉండదు. ఉద్యోగం ఒంటరిదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉద్యోగం పోయాక చూస్తే, నా దగ్గరున్న తోడంతా అక్కడే ఉండేదని తెలిసింది.

మొదటి శుక్రవారం మంచం మీద పడుకుని ఉన్నాను. రిటైరైన సంగతి యూసుఫ్ భాయ్‌కి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. చెబితే ఆయనకు దవాఖాన కూడా రిటైరైనట్టే. ఫోన్ మోగింది. ఆయన ఎప్పుడూ తనంతట తాను చేసేవాడు కాదు.

"ఏంది భాయ్, ఇయ్యాల లేటయింది? సర్వర్ మంచిగున్నదా?"

"ఇగో, ఇప్పుడే కూసున్న," అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. లేచి బల్ల మీద ఉన్న నా పాత ల్యాప్‌టాప్ తెరిచాను. అందులోనూ లైనక్సే. అప్‌గ్రేడ్ చేయమన్నాను. వరసలు వచ్చాయి. ఆసుపత్రి సర్వర్లో ఉండదగిన పేర్లు ఏరి చదివాను, ఆటలు, పాటలు, బొమ్మల ప్రోగ్రాములు వదిలేశాను. ఆయన ప్రతిదానికీ 'హౌ' అన్నాడు. చివరికి, "అల్హమ్దులిల్లా. పేషెంట్లు చల్లగుండాలె," అని పెట్టేశాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే వచ్చే శుక్రవారం కూడా చదివాను. ఆ పై శుక్రవారం కూడా. నెలలు గడిచాయి. సోమవారం నుంచి నేను శుక్రవారం కోసం చూస్తున్నానని, నడుమ రోజుల్లో అప్‌గ్రేడ్ చేయకుండా ఆపుకుంటున్నానని నాకే తెలిసిపోయింది.

మోసం ఎంతకాలం సాగుతుంది? పోయిన నెలలో ఒక శుక్రవారం జలుబుతో, పరధ్యానంగా చదువుతూ పోయాను. తీసేసే వరసలో పాటలు వినే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని వదలాలని మర్చిపోయి చదివేశాను.

అవతల 'హౌ' రాలేదు.

"భాయ్," అన్నాడు. "దవాఖాన సర్వర్ల పాటలు ఎందుకు పెట్టిండ్రు? ఆపరేషన్ చేసుకుంట వింటున్నరా?"

నేను ఏదో చెప్పబోయాను. ఆయనే అందుకున్నాడు.

"ఎన్ని దినాలయింది రిటైరయి?"

"నెలలయింది భాయ్," అన్నాను. "చెప్పాల్సింది. ధైర్యం కాలే. మాఫ్ చెయ్యి."

"నాకు మొదటి శుక్రారమే తెలుసు."

"ఎట్ల?"

"కండ్లు పోయినయి గని చెవులు పోలే గదా. సర్వర్ రూంల ఏసీ ఎట్ల మొత్తుకుంటదో నాకు తెల్వదా? గా దినం నీ ఎనుక కుక్కర్ సీటీ కొట్టింది. ఇంట్ల ఉన్నవని గప్పుడే సమజయింది."

"మరి ఇన్ని నెలలు 'హౌ' అనుకుంట ఎందుకున్నవ్ భాయ్? ఒక్కసారన్న అడగలేదేంది?"

ఫోన్‌లో ఆయన ఊపిరి వినిపించింది. ఆ గల్లీలో ఎవరో పిల్లలు ఆడుకుంటున్న శబ్దం కూడా.

"అడిగితే నువ్వు చదువుడు ఆపుతవేమో అనుకున్న," అన్నాడు యూసుఫ్ భాయ్.

నేను కళ్లు తుడుచుకున్నాను. కింద నుంచి మరదలు అన్నానికి పిలుస్తోంది, వస్తానన్నాను గానీ కదల్లేదు. పిల్లలూ, ఈ పనిలో నాకు తెలిసినదంతా పైన రాశాను. ఇంతకంటే ఎక్కువ నేను నేర్చుకోలేదు.

"ఇంక ఎన్నున్నయి భాయ్?" అన్నాడు కాసేపటికి.

"మస్తున్నయి. వదిలిపెట్టినవి గూడ ఉన్నయి."

"నాకేం తొందర ఉన్నది? అన్ని చదువు."

చదివాను. ఆ రోజు ఆటల పేర్లు కూడా వదల్లేదు.